గ్యాస్ బావుల మధ్య పారే వాగులు: నీటి నాణ్యతపై నిఘా

సహజవాయువు కోసం బావులు తవ్వే ప్రాంతాల్లో వాగులు, ఏర్ల నీళ్ళు ఎలా ఉన్నాయో, తవ్వకం మొదలయ్యాక మారాయో లేదో, మారితే ఆ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి ఏళ్ళ తరబడి సాగే కొలతల పని ఇది. చాలా దేశాల్లో జరుగుతున్నా, ఇందులో పాఠాలు నేర్చుకోవడానికి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం మంచి ఉదాహరణ. అక్కడ బొగ్గు గనులు, పాత చమురు బావులు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, కొత్త గ్యాస్ బావులు, వీటన్నిటి నీళ్ళూ చేరేది ఆ వాగుల్లోకే. కాబట్టి నీళ్ళు చెడ్డాయని చెప్పడం తేలిక. ఎవరు చెడగొట్టారో చెప్పడం కష్టం. ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ఊళ్ళోవాళ్ళు కలిసి పదిహేనేళ్ళకు పైగా చేస్తున్న ప్రయత్నమంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది.

నేపథ్యం

మార్సెల్లస్ షేల్ అనేది దాదాపు 39 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రంలో పేరుకున్న నల్లటి బురద గట్టిపడి ఏర్పడిన రాతిపొర. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఒహాయో, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల కింద పరుచుకుని ఉంది. పెన్సిల్వేనియాలో చాలాచోట్ల ఇది కిలోమీటరున్నర నుంచి రెండున్నర కిలోమీటర్ల లోతున ఉంటుంది. ఆ రాష్ట్రానికి తవ్వకాలు కొత్తవి కావు. 1859లో టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ చమురు బావి తవ్వింది ఆయిల్ క్రీక్ అనే ఏటి పక్కనే. అయితే షేల్ రాయిలో ఇరుక్కుపోయిన గ్యాస్‌ను లాభసాటిగా తీసే పద్ధతి అక్కడికి 2004 ప్రాంతంలోనే వచ్చింది. వాషింగ్టన్ కౌంటీలో అంతకు ముందు ఏడాది తవ్విన ఒక బావిలో, ఇసుక కలిపిన నీటిని విపరీతమైన ఒత్తిడితో పంపి రాతిని చీల్చారు. దీన్నే ఫ్రాకింగ్ అంటారు. 2008 నాటికి రిగ్గులు వరస కట్టాయి. ఇవాళ అమెరికాలో గ్యాస్ ఉత్పత్తిలో టెక్సాస్ తర్వాతి స్థానం పెన్సిల్వేనియాదే. అక్కడ ఈ తరహా బావులు పదివేలు దాటాయి.

ఆ రాష్ట్రంలో వాగులు, నదుల మొత్తం పొడవు దాదాపు 86 వేల మైళ్ళని అక్కడి పర్యావరణ శాఖ లెక్క. అంటే లక్షా ముప్ఫై వేల కిలోమీటర్ల పైమాటే. గ్యాస్ బావులు ఎక్కువగా పడ్డది ఉత్తరాన అడవులు, కొండలున్న సస్క్వెహన్నా నది ఎగువ ప్రాంతంలోనూ, నైరుతి మూలన మొనంగహీలా నది వైపునా. పిట్స్‌బర్గ్ పేరు వినగానే పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొచ్చే తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు. ఆ నగరంలోనే మొనంగహీలా, అలిగెనీ కలిసి ఒహాయో నది అవుతాయి. గ్యాస్ తవ్వకాల వల్ల నీళ్ళు చెడుతున్నాయన్న గొడవ మొదట పెద్దదైంది కూడా ఆ మొనంగహీలాలోనే.

ఒక్కో బావిని చీల్చడానికి మొదటి సంవత్సరాల్లో నలభై, యాభై లక్షల గ్యాలన్ల నీళ్ళు పట్టేవి. అంటే ఇంచుమించు కోటిన్నర నుంచి రెండు కోట్ల లీటర్లు. అందులో సుమారు పదో వంతు మొదటి కొన్ని వారాల్లో బావిలోంచి పైకి తన్నుకొస్తుంది. లోపలికి పోయినప్పుడు అది దాదాపు మంచినీరే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ పురాతన సముద్రపు ఉప్పును వెంటబెట్టుకుని వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటే, మార్సెల్లస్ బావుల నీటిలో 200 గ్రాములకు మించి కూడా ఉంటాయి. సోడియం, కాల్షియం క్లోరైడ్లతో పాటు బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, కాస్త రేడియం కూడా అందులో కలిసి ఉంటాయి.

నీళ్ళు చెడే దారులు

లోతున చీల్చిన రాతిలోంచి రసాయనాలు వేల అడుగులు పైకి పాకి వాగులో కలుస్తాయన్నది జనంలో ఎక్కువగా ఉన్న భయం. వాగుల వరకు వస్తే, నమోదైన నష్టాల్లో ఎక్కువ భాగం అలా జరగలేదు. అది భూమి మీద జరిగిన పనుల వల్ల వచ్చిందే.

మొదటిది మట్టి. కొండవాలులో ఎకరాల కొద్దీ చదును చేసి బావికి స్థలం సిద్ధం చేస్తారు. దానికి కంకర రోడ్డు వేస్తారు, పైపులైను కోసం వాగుకు అడ్డంగా కందకం తవ్వుతారు. వాన పడితే ఆ మట్టి వాగులోకి దిగుతుంది. రాళ్ళ సందుల్లో బతికే పురుగుల పిల్లలకు, గులకరాళ్ళలో గుడ్లు పెట్టే చేపలకు సన్న బురద ఉప్పుకన్నా ముందే ప్రాణాంతకమవుతుంది. ఆర్కన్సా రాష్ట్రంలోని ఫాయెట్‌విల్ షేల్ ప్రాంతంలో సాలీ ఎంట్రెకిన్ బృందం 2011లో ప్రచురించిన పరిశీలనలో, చుట్టుపక్కల బావులు దట్టంగా ఉన్న వాగుల్లో నీటి కలకదనం కూడా ఎక్కువగా కనిపించింది.

రెండోది ఒలకడం. ట్యాంకు కారడం, పైపు జాయింటు ఊడడం, లారీ బోల్తా పడడం, గుంటలో పరిచిన ప్లాస్టిక్ షీటు చిరగడం వంటివన్నీ ఈ కోవలోవే. దీని తీవ్రత చూడాలంటే పెన్సిల్వేనియా దాటి కెంటకీలోని ఎకార్న్ ఫోర్క్ అనే చిన్న వాగు దగ్గరికి వెళ్ళాలి. 2007లో అక్కడ గ్యాస్ బావుల నుంచి ఫ్రాకింగ్ ద్రవం పొర్లి వాగులో కలిసింది. అమెరికా భూగర్భ సర్వే, వన్యప్రాణి శాఖల శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన వివరాల ప్రకారం, వాగు నీటి పీహెచ్ 7.5 నుంచి 5.6కు పడిపోయింది. విద్యుద్వాహకత సెంటీమీటరుకు 200 మైక్రోసీమెన్స్ నుంచి 35,000కు ఎగబాకింది. అంతరించిపోయే ముప్పున్న జాతిగా రక్షణ పొందుతున్న బ్లాక్‌సైడ్ డేస్ అనే చిన్న చేపలు అక్కడ చచ్చాయి. బతికిన చేపల మొప్పలు దెబ్బతిన్నాయి. వాగు ఎంత చిన్నదైతే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, వాడేసిన నీటిని పారబోసే పద్ధతి. 2008 నాటికి కంపెనీలు ఈ ఉప్పునీటిని ట్యాంకర్లలో ఊళ్ళ మురుగునీటి శుద్ధి కేంద్రాలకు తోలేవి. ఆ కేంద్రాలు మలినాన్ని తీయగలవు గానీ కరిగిన ఉప్పును తీయలేవు. ఇటు నుంచి వచ్చిన ఉప్పు అటు నదిలోకి పోయేది. 2008 శరదృతువులో నది పారకం తగ్గిన రోజుల్లో మొనంగహీలాలో కరిగిన మొత్తం ఘనపదార్థాలు (టీడీఎస్) లీటరుకు 500 మిల్లీగ్రాముల హద్దు దాటాయి. శుద్ధి కేంద్రాలు ఈ నీటిని తీసుకోవడం బాగా తగ్గించాలని రాష్ట్రం ఆదేశించాల్సి వచ్చింది. గనుల నీళ్ళు కూడా అదే నదిలో ఉన్నాయి గనుక ఆ ఉప్పులో గ్యాస్ బావుల వాటా ఎంతన్న వాదం చాలాకాలం నడిచింది. 2010లో కొత్తగా వదిలే వ్యర్థజలానికి రాష్ట్రం 500 మిల్లీగ్రాముల టీడీఎస్ పరిమితి పెట్టింది. అయినా పాత కేంద్రాలకు మినహాయింపు మిగిలిపోయింది. 2011 ఏప్రిల్‌లో పర్యావరణ శాఖ కార్యదర్శి మైకేల్ క్రాన్సర్, మే 19 లోపు ఆ కేంద్రాలకు మార్సెల్లస్ నీటిని పంపడం మానేయాలని కంపెనీలను కోరారు. దీనికి కారణం బ్రోమైడ్. తాగునీటి కేంద్రంలో క్లోరిన్ కలిపినప్పుడు బ్రోమైడ్ ఉంటే ట్రైహాలోమీథేన్లనే హానికర పదార్థాలు ఎక్కువగా పుడతాయి. వాటికి అక్కడి పరిమితి లీటరుకు 80 మైక్రోగ్రాములు మాత్రమే. ఆ తర్వాత కంపెనీలు తిరిగొచ్చిన నీటినే మళ్ళీ తర్వాతి బావికి వాడుకోవడం, మిగిలింది ఒహాయోలోని లోతైన బావుల్లోకి ఎక్కించడం అలవాటు చేసుకున్నాయి. 2016లో కేంద్ర పర్యావరణ సంస్థ ఈ నీటిని మున్సిపల్ శుద్ధి కేంద్రాలకు పంపడాన్ని దేశమంతటా నిషేధించింది.

ఏం కొలుస్తారు, ఎలా కొలుస్తారు

ఫ్రాకింగ్ ద్రవంలో కలిపే రసాయనాల జాబితా చాలా పెద్దది. వాటన్నిటినీ వెతుక్కుంటూ పోతే ఒక్క నమూనాకే బోలెడు ఖర్చవుతుంది. అందుకని ముందుగా వాగులో ఏదో తేడా వచ్చిందని చెప్పే చవక కొలత ఒకటి కావాలి. ఆ పని విద్యుద్వాహకత చేస్తుంది. నీటిలో కరిగిన లవణాలు ఎంత ఎక్కువైతే కరెంటు అంత బాగా ప్రవహిస్తుంది. మనిళ్ళకు ఆర్వో ఫిల్టరు బిగించడానికొచ్చే కుర్రాడు గ్లాసులో ముంచి చూపించే పెన్నులాంటి టీడీఎస్ మీటరు నిజానికి కొలిచేది ఇదే. దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి టీడీఎస్ అని చూపిస్తుంది.

మార్సెల్లస్ ప్రాంతంలో ఈ కొలత అంత బాగా పనికి రావడానికి కారణం ఉంది. అడవిలో ఇసుకరాతి మీద పారే వాగుల్లో విద్యుద్వాహకత మామూలుగా వంద మైక్రోసీమెన్స్ అటూఇటూ ఉంటుంది. లీటరుకు రెండు లక్షల మిల్లీగ్రాముల ఉప్పున్న నీరు వెయ్యి లీటర్ల వాగు నీటిలో ఒక్క లీటరు కలిసినా టీడీఎస్ 200 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మీటరు అంకె ఇంచుమించు మూడొందలు ఎగబాకుతుంది. ఇంత తేడాను చౌక మీటరు కూడా పట్టేస్తుంది. సున్నపురాతి లోయల్లో మాత్రం నీళ్ళు మామూలుగానే మూడు, నాలుగు వందలు చూపిస్తాయి. అక్కడ అదే ఒలకడం అంత కొట్టొచ్చినట్టు కనబడదు. మధ్య అపలాచియన్ కొండల వాగుల్లో జీవజాలానికి 300 మైక్రోసీమెన్స్ దాటితే ఇబ్బంది మొదలవుతుందని కేంద్ర పర్యావరణ సంస్థ 2011లో ఒక ప్రమాణం సూచించింది. అది బొగ్గు గనుల కోసం తయారుచేసిన లెక్క. దాన్ని అన్ని వాగులకూ గుడ్డిగా వర్తింపజేయకూడదు.

వాగు దగ్గర పని ఇలా సాగుతుంది. కొలిచే మనిషి దిగువ నుంచి ఎగువకు నడిచి వెళ్ళి, పారకానికి ఎదురుగా నిలబడతాడు. అతని కాళ్ళు లేపిన బురద వెనక్కి పోవాలి, సీసాలోకి రాకూడదు. అంచున నిలిచిన నీటిని వదిలేసి పారకం మధ్యలో సీసాను మూడుసార్లు వాగు నీటితోనే తొలిచి, నాలుగోసారి నింపుతాడు. మీటరును అంతకు ముందే తెలిసిన బలమున్న ఉప్పు ద్రావణంలో ముంచి సరిచూసుకుని ఉంటాడు. నీళ్ళు వెచ్చనైన కొద్దీ డిగ్రీకి దాదాపు రెండు శాతం చొప్పున విద్యుద్వాహకత పెరుగుతుంది గనుక, మంచి మీటరు ప్రతి రీడింగునూ 25 డిగ్రీలకు సవరించి చూపిస్తుంది. తర్వాత వాగులో పాతిన కొలబద్ద చూసి నీటిమట్టం రాసుకుంటాడు. కొత్తవాళ్ళు తరచుగా మరిచిపోయేది ఈ నీటిమట్టమే. అది లేకపోతే మిగతా అంకెలకు అర్థం ఉండదు. పెద్దవాన తర్వాత వాగు నిండుగా పారేటప్పుడు ఉప్పు పలచబడి అంకె పడిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాగు సన్నబడినప్పుడు అదే వాగులో, ఎవరూ ఏమీ కలపకపోయినా, అంకె పెరుగుతుంది. నీటిమట్టం చూడకుండా రాసిన అంకెతో ఎవరి మీదైనా నింద వేయొచ్చు, ఎవరినైనా వెనకేసుకు రావొచ్చు.

దీనితో పాటు ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్, కలకదనం కొలుస్తారు. రొయ్యల చెరువులున్న రైతుకు ఈ కరిగిన ఆక్సిజన్ (డీవో) పడిపోవడమంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. పెన్సిల్వేనియా రాష్ట్రపు చేప బ్రూక్ ట్రౌట్‌కు చల్లని, ఆక్సిజన్ నిండిన నీళ్ళే ప్రాణం. వాగు పక్క చెట్లు కొట్టేసి ఎండ తగిలేలా చేసినా దానికి గండమే. వీటన్నిటి కన్నా నమ్మకమైన సాక్షులు రాళ్ళ కింద బతికే మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై పురుగుల పిల్లలు. మీటరు ముంచిన క్షణాన వాగు ఎలా ఉందో మాత్రమే మీటరు చెబుతుంది. ఈ పురుగులు నెలల తరబడి అక్కడే ఉంటాయి గనుక, పోయిన నెల రాత్రిపూట ఎవరో ట్యాంకరు ఖాళీ చేసి పోయినా ఆ సంగతి వాటి లెక్కలో బయటపడుతుంది.

ఉప్పు ఎవరిది?

మీటరు అంకె పెరిగిందంటే అసలు పని మొదలైనట్టు. పెన్సిల్వేనియాలో చలికాలం రోడ్ల మీద టన్నుల కొద్దీ ఉప్పు చల్లుతారు. మంచు కరిగిన మొదటి రోజు వాగులో అంకె ఒక్కసారిగా లేస్తుంది. పాత బొగ్గు గనుల నుంచి కారే ఆమ్లజలం సల్ఫేటును మోసుకొస్తుంది. కొన్నిచోట్ల పాత చమురు బావుల ఉప్పునీటిని దుమ్ము అణచడానికి మట్టిరోడ్ల మీద చల్లేవారు. ఊరి మురుగు, పొలాల ఎరువు సరేసరి.

ఒక్కో మూలానికి ఒక్కో ముద్ర ఉంటుంది. సల్ఫేటు ఎక్కువై, పీహెచ్ తగ్గి, ఇనుము చిలుము రంగు కనిపిస్తే అది గనుల నీరు. క్లోరైడ్ పెరిగినా బ్రోమైడ్ లేకపోతే రోడ్డు ఉప్పు. క్లోరైడ్‌తో పాటు బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం కలిసి పెరిగితే లోతుపొరల ఉప్పునీటి మీద అనుమానం పడాలి. ఇంకా గట్టి రుజువు కావాలంటే స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తి చూస్తారు. మార్సెల్లస్ నీటిని గనుల నీటి నుంచి, పై పొరల ఉప్పునీటి నుంచి ఆ నిష్పత్తితో వేరు చేయొచ్చని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ చాప్‌మన్, రోజ్‌మేరీ కాపో, బ్రయన్ స్టివార్ట్ బృందం 2012లో చూపించింది.

బేరియం విషయంలో ఒక చిక్కుంది, అందులో మన పాత్ర కూడా కొంత ఉంది. బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమిపెట్టడానికి వాడే బురదను బరువెక్కించేది బెరైటీస్, అంటే బేరియం సల్ఫేట్. ప్రపంచంలోకెల్లా పెద్ద బెరైటీస్ నిల్వల్లో ఒకటి రైల్వేకోడూరు దగ్గరి మంగంపేటలో ఉంది. అక్కడి ముగ్గురాయి అమెరికా చమురు, గ్యాస్ రంగానికి ఎగుమతవుతుంది. ఈ ఖనిజం నీటిలో దాదాపు కరగదు. వాగు నమూనాను వడకట్టకుండా పరీక్షిస్తే బురదలోని బెరైటీస్ రేణువులు కూడా లెక్కలోకి వచ్చి బేరియం బాగా ఎక్కువ చూపించవచ్చు. వడకట్టి చూస్తేనే కరిగిన బేరియం ఎంతో తెలుస్తుంది. మొదటిది తవ్వకపు బురద ఒలికిందనడానికి ఆనవాలు, రెండోది లోపలి ఉప్పునీటికి ఆనవాలు. రెండూ ఒకటే అనుకుంటే దోషి మారిపోతాడు.

తొందరపడి తీర్పు చెబితే ఏమవుతుందో 2009 సెప్టెంబరులో డంకర్డ్ క్రీక్ దగ్గర తెలిసింది. పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దులో మెలికలు తిరిగే ఆ ఏట్లో దాదాపు నలభై మైళ్ళ మేర చేపలు, ఆల్చిప్పలు కుప్పలుగా చచ్చాయి. గ్యాస్ వ్యర్థజలమే కారణమని చాలామంది అనుమానించారు. పరీక్షల్లో తేలిన హంతకి బంగారు శైవలం అనే, ఉప్పునీట పెరిగే విషపు నాచు. ఏటిని అంత ఉప్పగా మార్చింది ప్రధానంగా బొగ్గు గనుల నుంచి వదిలిన నీళ్ళని కేంద్ర పర్యావరణ సంస్థ తేల్చింది. ఆ గనుల యజమాని కోట్ల డాలర్ల ఖర్చుతో నీటి శుద్ధి కేంద్రం కట్టాల్సి వచ్చింది. ఆ సమయానికి వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ జీమ్‌కీవిచ్ బృందం మొనంగహీలా పరీవాహకంలో క్రమం తప్పకుండా నమూనాలు తీయడం అప్పుడే మొదలుపెట్టి ఉంది.

ఎవరు కొలుస్తున్నారు

సస్క్వెహన్నా నదీ పరీవాహక కమిషన్ మూడు రాష్ట్రాలు, కేంద్రం కలిసి ఒప్పందంతో ఏర్పాటు చేసుకున్న సంస్థ. నది నుంచి నీళ్ళు తోడుకోవాలంటే దాని అనుమతి కావాలి. వాగులో పారకం నిర్ణీత మట్టం కంటే తగ్గితే గ్యాస్ కంపెనీలు తోడడం ఆపేయాల్సిందే. వేసవిలో అలా ఆపించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఈ కమిషన్ 2010లో గ్యాస్ తవ్వకాలున్న, రాబోతున్న చిన్న వాగుల మీద యంత్రాల జాలం ఒకటి పరిచింది. సౌరఫలకంతో నడిచే ఒక్కో కేంద్రం ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుద్వాహకత, కరిగిన ఆక్సిజన్, కలకదనం కొన్ని నిమిషాలకొకసారి కొలిచి సెల్ ఫోన్ లేదా ఉపగ్రహం ద్వారా పంపుతుంది. అంకెలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కేంద్రాలు యాభై దాటాయి. యంత్రం ఉంది గదా అని నిశ్చింతగా ఉండలేరు. సెన్సర్ల మీద నాచు పడుతుంది, శీతాకాలం మంచు గడ్డ కడుతుంది, ఆకులు చుట్టుకుంటాయి. మనిషి వెళ్ళి తుడవాలి, మళ్ళీ సరిచూడాలి.

రెండో దళం ఊళ్ళోవాళ్ళు. కార్లైల్ పట్టణంలోని డికిన్సన్ కాలేజీలో ఆలార్మ్ అనే సంస్థ ఉంది. ఆమ్లవర్షం వాగులను ఏం చేస్తోందో సామాన్యులే కొలవాలన్న ఆలోచనతో ప్రొఫెసర్ క్యాండీ వైల్డర్‌మన్ 1986లో మొదలుపెట్టారు. షేల్ గ్యాస్ వచ్చాక 2010లో ఈ సంస్థే వాలంటీర్ల కోసం ఒక పద్ధతి రాసింది. విద్యుద్వాహకత, నీటిమట్టం క్రమంగా కొలవడం, కంటికి కనిపించే మార్పులు రాసుకోవడం, అంకె అసాధారణంగా లేస్తే బేరియం, స్ట్రాన్షియం నమూనాలు ప్రయోగశాలకు పంపడం దాని సారాంశం. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే చేపల వేటగాళ్ళ సంఘం తన సభ్యులకు ఇలాంటి శిక్షణే ఇచ్చింది. స్ట్రౌడ్ జల పరిశోధన కేంద్రం మేఫ్లై పేరుతో చవకగా తయారుచేసుకునే డేటా పరికరాన్ని రూపొందించి, దాని నిర్మాణ వివరాలు అందరికీ తెరిచిపెట్టింది. వీళ్ళందరి అంకెలనూ ఒకచోట చేర్చడానికి పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సూసన్ బ్రాంట్లీ నాయకత్వాన షేల్ నెట్‌వర్క్ అనే సమాచార నిధి ఏర్పడింది. ఆమె ఏర్పాటు చేసిన సమావేశాల్లో కంపెనీల ఉద్యోగులు, ప్రభుత్వాధికారులు, తవ్వకాల వ్యతిరేకులు ఒకే గదిలో ఒకే గ్రాఫు చూస్తూ కూర్చునేవారు. ఈ రంగంలో అది చిన్న విషయం కాదు.

ఏం తేలింది

షీలా ఓమ్‌స్టెడ్, లూచియా మ్యూలెన్‌బాక్స్ తదితరులు 2000 నుంచి 2011 వరకు పెన్సిల్వేనియాలో నమోదైన ఇరవై వేలకు పైగా నమూనాల లెక్క తీసి 2013లో ప్రచురించారు. షేల్ వ్యర్థజలాన్ని తీసుకున్న శుద్ధి కేంద్రాల దిగువన క్లోరైడ్ పెరిగింది. బావులున్న చోట దిగువన క్లోరైడ్ పెరగలేదు గానీ తేలాడే మట్టి పెరిగింది. అంటే ఉప్పు పారబోసిన చోట నుంచి వచ్చింది, బురద తవ్విన చోట నుంచి వచ్చింది. ఇంత సూటిగా సమాధానం చెప్పిన అధ్యయనాలు ఈ విషయంలో తక్కువ.

అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన నథానియెల్ వార్నర్, అవ్నర్ వెంగోష్ బృందం జోసఫీన్ అనే ఊరి దగ్గర బ్లాక్‌లిక్ క్రీక్‌లో గ్యాస్ వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలే చోట అడుగు మట్టిని పరీక్షించింది. ఎగువతో పోలిస్తే రేడియం దాదాపు 200 రెట్లు ఉంది. నీటిలోంచి చాలావరకు తీసేసినా మిగిలిన కొంచెమే ఏళ్ళ తరబడి మట్టిలో పేరుకుంది. రేడియం-226 సగానికి తరగడానికి 1600 ఏళ్ళు పడుతుంది. నీటిని మాత్రమే కొలిచి ఊరుకునే పథకాలకు ఇది గట్టి హెచ్చరిక.

2021లో పియెత్రో బొనెట్టి, క్రిస్టియన్ లాయిట్జ్, జొవాన్నా మికెలోన్ దేశంలోని చాలా షేల్ ప్రాంతాల లెక్కలు కలిపి చూశారు. ముగ్గురూ అకౌంటింగ్ ఆచార్యులు. వాగుల శాస్త్రానికి చిట్టా లెక్కల మనుషులు రావడం విచిత్రమే అయినా, పద్దుల్లో చిన్న తేడా పట్టుకోవడం వాళ్ళ వృత్తే కదా. కొత్త బావి పడిన పరీవాహకాల్లో బేరియం, క్లోరైడ్, స్ట్రాన్షియం కొంచెంగా, కానీ క్రమంగా పెరిగినట్టు తేల్చారు. తవ్వకం మొదలైన మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది. ప్రమాదకర పరిమితులకు అది చాలా దూరంలోనే ఉంది. అయితే నమూనాలు తీసే చోట్లు చాలావరకు బావులకు దూరంగా ఉండడం, నమూనాల మధ్య వ్యవధి ఎక్కువగా ఉండడం వల్ల అసలు ప్రభావం తక్కువగా కనబడి ఉండొచ్చని వాళ్ళే హెచ్చరించారు.

మీథేన్ సంగతి వేరు. అది ఉప్పు కాదు గనుక మీటరుకు దొరకదు. పాడైన బావి గొట్టం నుంచి భూగర్భజలంలోకి చేరిన గ్యాస్, ఆ జలం ఊరే వాగుల్లో బయటపడుతుంది. లైకమింగ్ కౌంటీలోని షుగర్ రన్ అనే వాగు నీటిలో, లోతున వేడికి పుట్టిన రకం మీథేన్ ఊరుతున్నట్టు విక్టర్ హైల్వైల్, బ్రాంట్లీ తదితరులు 2015లో నమోదు చేశారు. ఇంటింటి బోర్లు తట్టడం కన్నా వాగు వెంట నడుస్తూ నమూనాలు తీస్తే పెద్ద ప్రాంతం ఒక్కసారిగా చూడొచ్చని అందులోంచి వచ్చిన ఉపాయం.

సస్క్వెహన్నా కమిషన్ తన నివేదికల్లో, పరీవాహకం మొత్తం మీద గ్యాస్ తవ్వకాల వల్ల నీటి నాణ్యత దిగజారిన ఆనవాళ్ళు కనిపించలేదని, అయినా నిఘా మానకూడదని రాసింది. పరిశ్రమ మొదటి సగాన్ని, ఉద్యమకారులు రెండో సగాన్ని ఉటంకిస్తారు. రెండూ నిజమే. సగటు బాగుండడానికి, ఒక వాగులో ఒక రాత్రి చేపలు చావడానికి వైరుధ్యం లేదు.

తవ్వక ముందటి లెక్క

ఇన్ని అధ్యయనాలకూ అడ్డం పడ్డది ఒక్కటే లోటు. బావి రాక ముందు ఆ వాగు ఎలా ఉండేదో ఎవరూ కొలిచి పెట్టలేదు. 2010లో కమిషన్ యంత్రాలు బిగించేనాటికే వందల బావులు తవ్వేశారు. పక్కనున్న, బావులు లేని వాగుతో పోల్చడం ఒక దారి. కానీ ఏ రెండు వాగుల రాయీ, అడవీ, రోడ్లూ ఒకలా ఉండవు.

ఇళ్ళ బావుల విషయంలో చట్టమే ఈ చిక్కు విప్పింది. 2012లో పెన్సిల్వేనియా తెచ్చిన యాక్ట్ 13 ప్రకారం, గ్యాస్ బావికి 2,500 అడుగుల లోపు ఉన్న ఇంటి నీళ్ళు ఏడాదిలోగా చెడితే తప్పు కంపెనీదేనని ముందే భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సింది కంపెనీయే. అందుకు తవ్వక ముందటి పరీక్ష ఒక్కటే దానికి గట్టి ఆయుధం. దాంతో కంపెనీలే సొంత ఖర్చుతో వేల ఇళ్ళ నీళ్ళు ముందుగా పరీక్ష చేయించుకున్నాయి. వాగుకు యజమాని లేడు, దావా వేసేవాడు లేడు. కాబట్టి దాని నీళ్ళను ముందుగా కొలవడానికి ఎవరికీ అంత తొందర కలగలేదు.

కోనసీమ సంగతి

మన కృష్ణా-గోదావరి డెల్టాలో కూడా నలభై ఏళ్ళకు పైగా గ్యాస్ తీస్తున్నారు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఎగదన్నిన బావి 65 రోజుల పాటు మండిన సంగతి అక్కడివాళ్ళెవరూ మరిచిపోరు. ఇక్కడివి ప్రధానంగా సంప్రదాయ బావులు, మార్సెల్లస్ లాంటివి కావు. అయినా తవ్వకపు బురద, బావి నుంచి గ్యాస్‌తో వచ్చే ఉప్పునీరు ఇక్కడా ఉంటాయి. పెన్సిల్వేనియాలో రోడ్డు ఉప్పు పెట్టిన చిక్కును ఇక్కడ సముద్రమూ, ఆక్వా చెరువులూ పెడతాయి. మురుగుకాలువలో ఉప్పదనం పెరిగితే అది పోటుకు ఎక్కిన సముద్రపు నీరా, రొయ్యల చెరువు నుంచి వదిలిందా, బావి దగ్గర నుంచి కారిందా అన్నది టీడీఎస్ మీటరు చెప్పలేదు. క్లోరైడ్‌తో పాటు బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం చూడాలి. సముద్రపు నీటిలో బ్రోమైడ్ ఎలాగూ ఉంటుంది గనుక ఇక్కడ బ్రోమైడ్ ఒక్కటే చాలదు కూడా. తాగునీటిలో బేరియం లీటరుకు 0.7 మిల్లీగ్రాములకు మించకూడదని మన ఐఎస్ 10500 ప్రమాణం చెబుతోంది.

కాలానికో తీరుగా మారే నీళ్ళివి. జూన్ తర్వాత గోదావరి నీళ్ళు కాలువల నిండా పారతాయి, వేసవిలో కాలువలు కట్టేస్తారు. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలకు మన దేశంలో మామూలుగా అడిగేది వానాకాలం కాని ఒక్క రుతువు కొలతలు. డెల్టా కాలువకు ఒక రుతువు అంకె తవ్వక ముందటి లెక్క కాదు. కనీసం ఏడాది పొడుగునా, పోటుపాట్లు రెండింటిలోనూ కొలిస్తే తప్ప రేపు ఏ తేడా వచ్చినా ఎవరూ ఏమీ రుజువు చేయలేరు. అన్వేషణ బావులకైతే ఆ ఒక్క రుతువు నివేదిక కూడా ఇప్పుడు తప్పనిసరి కాదు. 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాస్ అన్వేషణను బీ2 వర్గంలోకి మార్చింది. ఆ వర్గానికి ప్రభావ అంచనా నివేదికా, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు.